వైద్య సహాయక వృత్తుల శిక్షణ, ధ్రువీకరణ: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

వైద్య సహాయక వృత్తులు అంటే వైద్యుడికీ నర్సుకూ చేదోడుగా ఉంటూ రోగికి నేరుగా సేవ చేసే ఉద్యోగాలు. వార్డులో రోగిని కనిపెట్టుకొని ఉండేవారు, రక్త నమూనాలు తీసి పరీక్షించేవారు, ఎక్స్‌రే, డయాలసిస్ యంత్రాలు నడిపేవారు, ఊళ్లో గడపగడపకూ తిరిగి గర్భిణుల, పసిపిల్లల ఆరోగ్యం చూసేవారు, ముసలివారికి ఇంటి దగ్గరే సేవ చేసేవారు ఈ కోవలోకి వస్తారు. పదో తరగతి లేదా ఇంటర్మీడియట్ చదువుతో, కొన్ని నెలల నుంచి రెండు మూడేళ్ల శిక్షణతో ఈ రంగంలో అడుగుపెట్టవచ్చు. తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల చుట్టూ ఈ చదువులకు గిరాకీ ఎక్కువ. బీడీలు, మరమగ్గాలు, గల్ఫ్ వలస మీద ఆధారపడిన కుటుంబాల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఇది సొంత ఊరికి దగ్గర్లో దొరికే గౌరవప్రదమైన జీవనోపాధి. అయితే ఈ రంగంలో పత్రాలన్నీ ఒకటి కావు. రోగి పక్కన నిలబడి నేర్చుకున్న గంటలు, పత్రం వెనక ఉన్న చట్టబద్ధమైన సంస్థ, ఆపై చదువుకు ఉన్న దారి అనే మూడింటిని బట్టే ఒక సర్టిఫికెట్ విలువ తేలుతుంది.

నేపథ్యం

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్ జిల్లా నుంచి ఏర్పడ్డాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం జగిత్యాల జిల్లా పరిధిలో సుమారు 9.85 లక్షలు, రాజన్న సిరిసిల్ల పరిధిలో సుమారు ఐదున్నర లక్షల జనాభా ఉంది. కోరుట్ల జగిత్యాల జిల్లాలోదే. ఆర్మూరు నుంచి మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాలకు వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఈ పట్టణం ఉంది.

ఈ ప్రాంతపు బతుకుదెరువును చెప్పడానికి తెలంగాణలో 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అనే మాట ఉంది: బతకాలంటే బొగ్గు గనికో ముంబైకో గల్ఫ్‌కో పోవాలని దాని అర్థం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ఊళ్ల నుంచి మగవారు దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు పోతున్నారు. ఇంటి దగ్గర ఆడవారు బీడీలు చుట్టి సంసారం నడిపారు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద ఆధారపడిన కుటుంబాలు మార్కెట్ దెబ్బతిన్నప్పుడల్లా కష్టాలు పడ్డాయి. నేత కార్మికుల ఆత్మహత్యలతో ఆ పట్టణం పేరు దేశమంతా వినపడింది. ఈ మూడు పనుల్లోనూ వయసు పెరిగేకొద్దీ ఆదాయం పెరగదు, నైపుణ్యానికి గుర్తింపు పత్రం ఉండదు. వైద్య సహాయక ఉద్యోగాల్లో అనుభవానికి విలువ ఉంటుంది, ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చదువుకొని వెళ్లే వీలుంటుంది. ఈ చదువుల మీద ఇక్కడి తల్లిదండ్రులకు ఆశ పెరగడానికి అసలు కారణం అదే.

చరిత్ర

పల్లెల్లో కాన్పులు మంత్రసానుల చేతుల మీదుగా జరిగిన కాలంలో శిక్షణ అంటే అత్త నుంచి కోడలికి వచ్చిన అనుభవమే. స్వాతంత్ర్యం తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చినప్పుడు వాటి కోసం సహాయ నర్సు–మంత్రసాని, అంటే ఏఎన్ఎం, శిక్షణ మొదలైంది. మలేరియాకు ఒకరు, మశూచికి ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు చొప్పున వేర్వేరు కార్యకర్తలు తిరిగే పద్ధతిని మార్చాలని 1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫారసు చేసింది. ఒకే కార్యకర్త అన్ని సేవలూ అందించే 'బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్త' అనే ఉద్యోగం అలా పుట్టింది. నేటికీ ఇంటర్ వొకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ అనే కోర్సు, సర్కారు కొలువుల్లో ఎంపీహెచ్‌ఏ అనే పోస్టు ఆ సిఫారసు వారసత్వమే.

2005 ఈ రంగానికి మలుపు. ఆ ఏడాది ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలై ఆశ కార్యకర్తల వ్యవస్థను తెచ్చింది. ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ ఆరంభమైంది. దానితో అత్యవసర వైద్య సహాయకుడు, అంటే ఈఎంటీ, అనే కొత్త వృత్తి తెలుగు ప్రాంతానికి పరిచయమైంది. 108లో డ్రైవర్‌ను పైలట్ అంటారు. ప్రమాద స్థలంలో రోగిని ఎత్తడంలో ఈఎంటీకి సాయపడేలా ఆయనకూ శిక్షణ ఉంటుంది.

పల్లెల్లో వైద్య పట్టా లేకుండా చికిత్స చేస్తూ ఆర్‌ఎంపీ, పీఎంపీలుగా పేరుపడ్డవారికి శిక్షణ ఇచ్చి 'కమ్యూనిటీ పారామెడిక్'లుగా గుర్తించాలన్న ఆలోచన ఉమ్మడి రాష్ట్రంలో 2008-09 ప్రాంతంలో వచ్చింది. అది పూర్తిగా అమలు కాలేదు. అర్హత లేని వైద్యం మీద తెలంగాణ వైద్య మండలి ఇటీవల తనిఖీలు పెంచడంతో ఆ చర్చ మళ్లీ లేచింది. సహాయక వృత్తుల హద్దు ఇక్కడే స్పష్టం కావాలి: శిక్షణ పొందిన సహాయకుడు వైద్యుడి ఆదేశాన్ని అమలు చేస్తాడు, రోగి పరిస్థితిని గమనించి చెబుతాడు, సొంతంగా మందు రాయడం అతని పని కాదు.

ఉద్యోగాల తీరు

సర్కారు దవాఖానాల్లో కింది స్థాయి వార్డు ఉద్యోగులను ఎంఎన్‌వో, ఎఫ్‌ఎన్‌వో అని పిలుస్తారు. జనం నోట వారు వార్డుబాయ్, ఆయమ్మ. ఇప్పుడు ఈ పనుల్లో ఎక్కువ భాగం ఏజెన్సీల ద్వారా పెట్టుకున్న పేషెంట్ కేర్ సిబ్బంది చేస్తున్నారు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అదే పనికి జనరల్ డ్యూటీ అసిస్టెంట్, లేదా జీడీఏ, అనే పేరు వాడుకలోకి వచ్చింది.

వార్డు తర్వాత పెద్ద సమూహం టెక్నీషియన్లది. ల్యాబ్, ఎక్స్‌రే, ఆపరేషన్ థియేటర్, మత్తు, డయాలసిస్, ఈసీజీ, కంటి పరీక్ష విభాగాల్లో వీరు పనిచేస్తారు. మూడో సమూహం క్షేత్ర స్థాయిలోనిది: ఉప కేంద్రంలో ఏఎన్ఎం, ఊళ్లో ఆశ. మైదాన ప్రాంతంలో సుమారు 5,000 జనాభాకు ఒక ఉప కేంద్రం, వెయ్యి మందికి ఒక ఆశ అన్నది జాతీయ ప్రమాణం. నాలుగోది ఇంటి దగ్గర సేవ. కొడుకులు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి, ముసలి తల్లిదండ్రులు ఒంటరిగా మిగిలిన ఇళ్లు జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలో చాలా ఉన్నాయి. పక్షవాతం వచ్చినవారికి, తుంటి ఎముక విరిగినవారికి నెలల తరబడి తోడుండే మనిషి కావాలి. ఈ పనికి ఇప్పటిదాకా శిక్షణ లేని పనిమనుషుల మీదే ఆధారపడుతున్నారు.

శిక్షణ మార్గాలు

ఇంటర్ వొకేషనల్: పదో తరగతి పూర్తయ్యాక నేరుగా ఈ రంగంలోకి తీసుకొచ్చే దారి ఇది. తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు ఎంపీహెచ్‌డబ్ల్యూ (మహిళ), మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపీ వంటి రెండేళ్ల కోర్సులు నడుపుతోంది. రెండేళ్ల చదువుతోనే పని పూర్తి కాదు. గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ఏడాది పాటు క్లినికల్ శిక్షణ లేదా అప్రెంటిస్‌షిప్ చేస్తేనే ప్రభుత్వ ఉద్యోగాలకు ఈ చదువు అక్కరకు వస్తుంది. బోర్డు నిర్వహించే బ్రిడ్జి కోర్సు పరీక్ష రాస్తే సాధారణ ఇంటర్‌తో సమానంగా పై చదువులకు వెళ్లవచ్చు. పేద కుటుంబాల పిల్లలు చాలామంది ఈ రెండు సంగతులూ తెలియక ఇంటర్ పాసైన చోటే ఆగిపోతారు.

పారామెడికల్ డిప్లొమా: తెలంగాణ పారామెడికల్ బోర్డు ఆధ్వర్యంలో నడిచే ఈ కోర్సులు చాలావరకు రెండేళ్లవి. ల్యాబ్ టెక్నీషియన్ (డీఎంఎల్‌టీ), మెడికల్ ఇమేజింగ్, డయాలసిస్, అనస్థీషియా, కంటి సహాయకుడు, ఆప్టోమెట్రీ మొదలైనవి ఇందులో ఉన్నాయి. ఇంటర్ బైపీసీ వారికి మొదటి ప్రాధాన్యం; సీట్లు మిగిలితే ఎంపీసీ వారికి అవకాశం. పరీక్ష పెట్టేదీ, పత్రం ఇచ్చేదీ, పేరు నమోదు చేసేదీ బోర్డే కాబట్టి ఈ డిప్లొమాకు రాష్ట్రంలో చెల్లుబాటు మీద సందేహం ఉండదు.

ఏఎన్ఎం, జీఎన్ఎం: భారత నర్సింగ్ మండలి పాఠ్య ప్రణాళిక ప్రకారం ఏఎన్ఎం రెండేళ్ల కోర్సు. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా, 17 ఏళ్లు నిండితే చేరవచ్చు. ఆపై మూడేళ్ల జనరల్ నర్సింగ్–మిడ్‌వైఫరీ (జీఎన్ఎం), నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ఉన్నాయి. ఈ మూడింటికీ రాష్ట్ర నర్సుల, మంత్రసానుల మండలిలో పేరు నమోదు తప్పనిసరి.

స్వల్పకాలిక నైపుణ్య కోర్సులు: భారత పరిశ్రమల సమాఖ్య, జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థల చొరవతో 2012లో ఏర్పడిన ఆరోగ్య రంగ నైపుణ్య మండలి జీడీఏ, హోం హెల్త్ ఎయిడ్, ఫ్లెబాటమిస్ట్ (రక్త నమూనాలు తీసేవారు) వంటి పనులకు ప్రమాణాలు రాసింది. 2015 జులైలో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద, 2014 సెప్టెంబర్‌లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద ఇవి ఉచితంగా నేర్పుతారు. రెండో పథకాన్ని తెలంగాణలో గ్రామీణాభివృద్ధి శాఖలోని ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ (ఈజీఎంఎం) అమలు చేస్తుంది. భోజనం, వసతితో కూడిన శిక్షణ కావడంతో పల్లె పిల్లలకు ఇది అనువు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా జనరల్ డ్యూటీ, ఇంటి దగ్గర ఆరోగ్య సేవ, రక్త నమూనా సేకరణ మీద సర్టిఫికెట్ కోర్సులు రూపొందించింది.

కోవిడ్ రెండో దశలో మనుషుల కొరత బయటపడ్డాక, 2021 జూన్ 18న కేంద్రం లక్ష మందికి ఆరు రకాల పనుల్లో ప్రత్యేక క్రాష్ కోర్సు ప్రకటించింది. ఇంటి సంరక్షణ, ప్రాథమిక, ఉన్నత స్థాయి సంరక్షణ, అత్యవసర సేవ, నమూనాల సేకరణ, వైద్య పరికరాల నిర్వహణ ఆ ఆరు. వార్డులో వైద్యులతో పాటు సహాయకులూ లేకపోతే ఆక్సిజన్ సిలిండర్ ఉన్నా రోగికి అందదని ఆ నెలలు తేల్చిచెప్పాయి.

ఆశ శిక్షణ: ఆశకు మొదట్లో 23 రోజుల శిక్షణను ఏడాదిలో విడతలుగా ఇచ్చేవారు. తర్వాత నవజాత శిశు సంరక్షణ కోసం మరిన్ని విడతలు చేర్చారు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి బరువు, ఒంటి వేడి, పాలు తాగే తీరు చూడాలి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా ఆశలకు పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది.

పది తప్పినవారు: పైన చెప్పిన దారులు చాలావాటికి పదో తరగతే గుమ్మం. బీడీల పనిలో పడి చదువు మానేసిన మహిళలకు తెలంగాణ సార్వత్రిక విద్యా పీఠం ద్వారా పది పూర్తి చేయడమే తొలి అడుగు.

ఏం నేర్పుతారు

వార్డు సహాయకుల శిక్షణలో మొదటి పాఠం చేతులు కడుక్కోవడం. రోగిని తాకే ముందు, తాకిన తర్వాత, రక్తం, స్రావాలు అంటిన తర్వాత, రోగి మంచం పరిసరాలు తాకిన తర్వాత, శుభ్రమైన పద్ధతిలో చేసే ఏ పనికైనా ముందు చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు సందర్భాలు నిర్దేశించింది. ఆ తర్వాత నాడి, శ్వాస, ఒంటి వేడి, రక్తపోటు చూసి రాయడం, రోగి తాగిన నీళ్లు, పోసిన మూత్రం లెక్క రాయడం, మంచంలోనే స్నానం చేయించడం, పక్క బట్టలు మార్చడం నేర్పుతారు.

లేవలేని రోగిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు, పిరుదులు, మడమల మీద పుండ్లు పడతాయి. పుండు పడ్డాక మానడానికి నెలలు పడుతుంది. పడకుండా చూడటానికి కావలసింది ఓపిక, సరైన పద్ధతి. సహాయకుల పని విలువ ఎంతటిదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. రోగిని మంచం నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తడం కూడా శిక్షణలో భాగమే. లేకపోతే కొద్ది కాలంలోనే సహాయకుడి నడుమే పోతుంది.

2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు మరో ముఖ్య పాఠం. రక్తం అంటిన దూది, కట్లు, శరీర భాగాలు పసుపు సంచిలో; గొట్టాలు, సూది తీసిన సిరంజిల వంటి ప్లాస్టిక్ ఎర్ర సంచిలో; సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో; గాజు సామాను నీలం డబ్బాలో వేయాలి. సూది గుచ్చుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పనిలో చేరేలోపే మూడు డోసుల హెపటైటిస్-బి టీకా వేయించుకోవాలి. గుండె ఆగినవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కే పద్ధతి, ప్రతి 30 నొక్కులకు రెండు శ్వాసలు ఇవ్వడం బొమ్మ మీద సాధన చేయిస్తారు.

ఇవి కాక, పరదా వేసి శరీరం శుభ్రం చేయడం, రోగి రహస్యాన్ని బయట మాట్లాడకపోవడం, కసురుకోకుండా జవాబు చెప్పడం వంటి మర్యాదలు పాఠ్యాంశంలో రాసి ఉంటాయి. ఇవి పుస్తకంతో రావు. మంచి సీనియర్ సిస్టర్ కింద పనిచేస్తేనే అబ్బుతాయి.

స్థానిక సౌకర్యాలు

గత కొన్నేళ్లలో ఈ ప్రాంతంలో శిక్షణకు అవసరమైన ఆసుపత్రి వసతి బాగా పెరిగింది. జగిత్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2022 నవంబర్ 15న, సిరిసిల్ల ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబర్ 15న తరగతులు మొదలుపెట్టాయి. సిరిసిల్లలో ప్రభుత్వ నర్సింగ్ కళాశాల భవనం 2021 జులైలో ప్రారంభమైంది. 2021 జూన్ 9న రాష్ట్రంలో 19 జిల్లాల్లో ఒకేసారి తెరిచిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాల్లో జగిత్యాల, సిరిసిల్ల కూడా ఉన్నాయి. 57 రకాల పరీక్షలు ఉచితంగా చేయాలన్నది అప్పట్లో ఆ కేంద్రాల లక్ష్యం. ల్యాబ్ చదివే పిల్లలకు యంత్రాలతో పనిచేసే కేంద్రం జిల్లా కేంద్రంలోనే ఉండటం చిన్న మేలు కాదు.

కోరుట్ల, మెట్‌పల్లి, ధర్మపురి, వేములవాడ సర్కారు దవాఖానాలు, వాటి కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు క్షేత్ర శిక్షణకు అనువైనవి. కోరుట్లలో ప్రభుత్వ పశువైద్య కళాశాల ఉంది కానీ మనుషుల వైద్యానికి సంబంధించిన ప్రభుత్వ కళాశాల లేదు. ఇక్కడి పిల్లలు జగిత్యాలకో కరీంనగర్‌కో వెళ్లాలి. కరీంనగర్‌లో రెండు పాత ప్రైవేటు వైద్య కళాశాలలు, 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక, హాస్టల్ ఖర్చు భరించలేని అమ్మాయిలు రోజూ ఊరి నుంచి వచ్చి పోయి చదువుకునే వీలు కలిగింది.

కాన్పుల విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చరిత్ర ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కరీంనగర్ ప్రాంతం అందులోనూ పై వరుసలో ఉంది. సహజ కాన్పులు పెంచాలని 2017లో కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. గర్భిణికి ధైర్యం చెప్పి, నొప్పుల వేళ పక్కన ఉండే ఆశ, ఏఎన్ఎం ఈ మార్పులో భాగస్వాములైతేనే ఆ శిక్షణ ఫలితం ఊరిదాకా చేరుతుంది.

ధ్రువీకరణ, నమోదు

ఈ రంగంలో పత్రాలు ఇచ్చే సంస్థలు మూడు రకాలు. మొదటిది చట్టం ప్రకారం పేరు నమోదు చేసే మండళ్లు: నర్సింగ్ మండలి, పారామెడికల్ బోర్డు. రెండోది చదువు పత్రం ఇచ్చేవి: ఇంటర్ బోర్డు, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. మూడోది నైపుణ్య పత్రం ఇచ్చేవి: ఆరోగ్య రంగ నైపుణ్య మండలి వంటివి. మూడో రకం పత్రాలకు జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలో ఒక స్థాయి సంఖ్య ఉంటుంది. జీడీఏది నాలుగో స్థాయి. శిక్షణ ఇచ్చినవారు కాకుండా బయటి పరీక్షకుడు వచ్చి రాత పరీక్ష, మౌఖిక పరీక్ష, ప్రాక్టికల్ పెట్టడం దీని నియమం. ఏళ్ల తరబడి వార్డుల్లో పనిచేస్తూ పత్రం లేని ఆయమ్మలకు వారి అనుభవాన్నే పరీక్షించి ధ్రువీకరించే పద్ధతి కూడా ఉంది.

2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం చేసింది. పది విభాగాల్లో 50కి పైగా వృత్తులను ఇది గుర్తించింది. అనుబంధ వృత్తి నిపుణుడికి కనీసం 2,000 గంటల చదువు, ఆరోగ్య వృత్తి నిపుణుడికి కనీసం 3,600 గంటల చదువు ఉండాలని నిర్ణయించింది. దీన్ని బట్టి చూస్తే కొన్ని వందల గంటల జీడీఏ కోర్సుకూ, రెండేళ్ల డిప్లొమాకూ హోదాలో ఎంత తేడా ఉందో అర్థమవుతుంది. జీడీఏ పత్రంతో వార్డు పని దొరుకుతుంది. ల్యాబ్ టెక్నీషియన్ సర్కారు కొలువుకు అది చాలదు.

ప్రభుత్వ ఉద్యోగాలు, వేతనాలు

రాష్ట్రంలో ఈ పోస్టులను వైద్య, ఆరోగ్య సేవల నియామక మండలి భర్తీ చేస్తుంది. 2023 జులైలో 1,520 ఎంపీహెచ్‌ఏ (మహిళ) పోస్టులకు, 2024 సెప్టెంబర్‌లో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు ప్రకటనలు వచ్చాయి. ఎంపికలో రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు 20 వరకు మార్కులు ఇస్తారు. కాబట్టి చిన్న జీతానికైనా సర్కారు దవాఖానలో చేసిన పని తర్వాత లెక్కకు వస్తుంది.

2020 వేతన సవరణ స్కేళ్ల ప్రకారం ఎంపీహెచ్‌ఏ (మహిళ) మూల వేతనం 31,040 రూపాయలతో, ల్యాబ్ టెక్నీషియన్‌ది 32,810 రూపాయలతో మొదలవుతుంది. ఇంటింటికీ తిరిగే ఆశకు మాత్రం 2022లో పెంచాక కూడా నెలకు 9,750 రూపాయల పారితోషికమే. స్థిర వేతనంగా 18,000 ఇవ్వాలని వారి సంఘాలు పోరాడుతున్నాయి. కాంట్రాక్టు మీద ఏళ్లుగా చేస్తున్న రెండో ఏఎన్ఎంలు తమను క్రమబద్ధీకరించాలని 2023 ఆగస్టులో సమ్మె చేశారు. ఒకే పనిలో ఉన్నవారి మధ్య ఇంత వేతన తేడా ఉండటం ఈ రంగంలోని పెద్ద అన్యాయం. దీన్ని సరిదిద్దకుండా ఎన్ని శిక్షణలు పెట్టినా మంచి పిల్లలు ఇందులో నిలవరు.

విదేశాల దారి

గల్ఫ్‌తో ఉన్న పాత సంబంధం వల్ల ఈ ప్రాంతంలో ఏ శిక్షణనైనా 'బయటి దేశంలో చెల్లుతుందా' అని అడుగుతారు. గల్ఫ్ ఆసుపత్రుల్లో లైసెన్సు అవసరమైన పనులకు చదువు, అనుభవ పత్రాలను మూలం దగ్గరే సరిచూసే డేటాఫ్లో తనిఖీ, ఆపై ఆ దేశపు పరీక్ష ఉంటాయి. గుర్తింపు లేని కేంద్రం ఇచ్చిన పత్రం ఈ తనిఖీలోనే ఆగిపోతుంది.

గల్ఫ్ కాకుండా ఇజ్రాయెల్‌తో జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలకు ప్రత్యేక బంధం ఉంది. ఇక్కడి నుంచి వెళ్లినవారు అక్కడి ఇళ్లలో వృద్ధులకు సంరక్షకులుగా పనిచేస్తున్నారు. 'ఇజ్రాయెల్ తెలంగాణ అసోసియేషన్' అనే సంఘం కూడా పెట్టుకున్నారు. 2023 అక్టోబర్‌లో అక్కడ యుద్ధం మొదలైనప్పుడు ఈ జిల్లాల ఇళ్లలో గుబులు పుట్టింది అందుకే. ఆ ఏడాది మే నెలలో భారత్, ఇజ్రాయెల్ మధ్య 42,000 మంది కార్మికుల కోసం కుదిరిన ఒప్పందంలో 34,000 నిర్మాణ పనులకు, 8,000 సంరక్షణ పనులకు కేటాయించారు. 2024లో సంరక్షకుల నియామకానికి పదో తరగతితో పాటు కనీసం 990 గంటల శిక్షణ ఉన్న కోర్సు పత్రం అడిగారు. వార్డు శిక్షణకు గంటల లెక్క ఎందుకు ముఖ్యమో ఈ ఒక్క నిబంధన చెబుతుంది.

జపాన్ 2019 ఏప్రిల్‌లో తెచ్చిన ప్రత్యేక నైపుణ్య వీసా కింద సంరక్షకులకు జపనీస్ భాష, సంరక్షణ నైపుణ్యం మీద పరీక్షలు ఉంటాయి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇజ్రాయెల్, జపాన్, జర్మనీ ఉద్యోగాలకు అభ్యర్థులను ఎంపిక చేసి భాషా శిక్షణ ఇప్పిస్తోంది. ఇలాంటి ప్రభుత్వ సంస్థ లేదా 1983 వలస చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారానే వెళ్లాలి. విజిట్ వీసా మీద వెళ్లి మోసపోయిన గల్ఫ్ కథలు ఈ ఊళ్లకు కొత్త కావు.

ఇతర దేశాల్లో పద్ధతి

అమెరికాలో 1987 నాటి చట్టం నర్సింగ్ హోంలలో పనిచేసే సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ, నైపుణ్య పరీక్ష, రాష్ట్ర స్థాయి జాబితాలో పేరు నమోదు తప్పనిసరి చేసింది. బ్రిటన్‌లో 2013లో వచ్చిన కావెండిష్ సమీక్ష తర్వాత 2015 ఏప్రిల్ నుంచి 15 ప్రమాణాలతో 'కేర్ సర్టిఫికెట్' అమలైంది. ఈ రెండు దేశాల అనుభవం నేర్పేది ఒకటే: కింది స్థాయి సహాయకులకూ ఉమ్మడి ప్రమాణం ఉంటే రోగికి భద్రత పెరుగుతుంది, పనిచేసే మనిషికి గుర్తింపు వస్తుంది. తెలంగాణలో టెక్నీషియన్‌కూ ఏఎన్ఎంకూ నమోదు ఉంది. వార్డు సహాయకుడికీ ఇంటి సంరక్షకుడికీ అలాంటి రాష్ట్ర స్థాయి నమోదు ఇంకా రావలసి ఉంది.

సమస్యలు

మొదటి సమస్య గుర్తింపు లేని కేంద్రాలు. బోర్డు మీద 'పారామెడికల్', 'నర్సింగ్' అని రాసి, ఆరు నెలల్లో ఉద్యోగం అని చెప్పి, ఏ మండలిలోనూ నమోదు కాని పత్రం చేతిలో పెడతారు. కుటుంబం అప్పు చేసి ఫీజు కట్టాక, ఉద్యోగ దరఖాస్తు వేళ ఆ పత్రం చెల్లదని తెలుస్తుంది.

రెండోది క్లినికల్ శిక్షణ. గుర్తింపు ఉన్న కళాశాలల్లో కూడా వార్డులో గడపవలసిన గంటలు హాజరు పుస్తకంలోనే పూర్తయితే విద్యార్థి సూది పట్టకుండానే టెక్నీషియన్ అవుతాడు. కొత్త వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఎంబీబీఎస్, నర్సింగ్, పారామెడికల్ విద్యార్థులంతా ఒకే వార్డుకు వస్తారు కాబట్టి సహాయక విద్యార్థుల వంతు స్పష్టంగా కేటాయించాలి.

మూడోది భాష. కేసు షీట్లు, మందుల పేర్లు, యంత్రాల సూచనలు ఇంగ్లిషులో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు మొదటి మూడు నెలలు వాడుక ఇంగ్లిషు, సంక్షిప్త పదాలు నేర్పితే వెనకబడరు. రోగితో మాట్లాడటానికి మాత్రం వారి తెలంగాణ తెలుగే పెద్ద బలం.

నాలుగోది రాత్రి డ్యూటీ. సిరిసిల్లలోనో కోరుట్లలోనో చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయికి రాత్రి బస్సు ఉండదు, విశ్రాంతి గది ఉండదు. ఈ రెండు ఏర్పాట్లు లేక చదువుకున్నవారు కూడా పెళ్లి తర్వాత పని మానేస్తున్నారు.

చేరే ముందు చూడవలసినవి

కోర్సులో చేరే ముందు ఐదు సంగతులు అడిగి తెలుసుకోవాలి. ఆ కళాశాల పేరు పారామెడికల్ బోర్డు, నర్సింగ్ మండలి లేదా ఇంటర్ బోర్డు ఆ ఏటి జాబితాలో ఉందా? చివరి పరీక్ష పెట్టేది ఎవరు? క్లినికల్ శిక్షణ ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలు? కోర్సు పూర్తయ్యాక ఏ మండలిలో పేరు నమోదవుతుంది? ఈ పత్రంతో ఏ పై చదువుకు వెళ్లవచ్చు? ఈ ఐదింటికీ కాగితం మీద జవాబు ఇవ్వని చోట ఫీజు కట్టకూడదు. సందేహం ఉంటే జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో, దగ్గరి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో విచారించవచ్చు.

పదితో చదువు ఆపినవారు జీడీఏ కోర్సు చేసి వార్డులో చేరి, సార్వత్రిక పీఠం ద్వారా ఇంటర్ పూర్తి చేసి, ఆపై ఏఎన్ఎంకు వెళ్లవచ్చు. ఇంటర్ వొకేషనల్ చదివిన అమ్మాయి ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి, బ్రిడ్జి కోర్సు రాసి జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ వైపు వెళ్లవచ్చు. జగిత్యాల, సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాక ఈ దారికి కావలసిన వార్డులు, ల్యాబ్‌లు, బోధకులు జిల్లాలోనే ఉన్నారు. ఇక మిగిలినవి మూడు పనులు: క్లినికల్ గంటలను నిజంగా చేయించడం, వార్డు, ఇంటి సంరక్షకులకు రాష్ట్ర స్థాయి నమోదు తేవడం, ఒకే పనికి ఒకే తీరు వేతనం ఇవ్వడం. ఈ మూడూ చేస్తే బీడీ చాట ముందు కూర్చున్న తల్లి తన కూతురిని ఈ చదువుకు పంపడానికి వెనకాడదు. దవాఖానకు వచ్చే రోగికి పని తెలిసిన చేయి అందుతుంది.